గైడ్ రాడ్ కావలెను

మందగిరి జిల్లా సాయుధ దళంలో రిజర్వ్ సబ్-ఇన్‌స్పెక్టర్ నూకరత్నం పిస్టల్ సాధనకు దిగిందంటే మెస్సులో వంటవాళ్లు కూడా గరిటెలు చేత్తో పట్టుకునే వచ్చి నిలబడేవారు. ఫైరింగ్ రేంజి జీడిమామిడి తోటల వెనక, కొండ అడుగున ఉండేది. ఆమె కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, ఊపిరి సగం వదిలి సగం బిగబట్టి ట్రిగ్గర్ నొక్కేది. అట్ట మీది నల్లచుక్క నడిమధ్యన చిల్లు పడేది. తర్వాతి గుళ్లు ఆ చిల్లును పెద్దది చేసేవే తప్ప కొత్త చిల్లు పెట్టేవి కావు.

“ఇంత గురి ఎక్కడ నేర్చుకున్నావమ్మా?” అని ఎవరైనా అడిగితే, “మా నాన్న తెప్ప మీద నిలబడి వల విసిరేవాడండి. తెప్ప ఊగినా చెయ్యి ఊగకూడదనేవాడు. ఇక్కడ నేలైనా ఊగదు కదా,” అనేది.

ఆ ఏడాది రాష్ట్ర పోలీసు క్రీడల్లో పిస్టల్ పోటీకి జిల్లా తరఫున ఆమె పేరే వెళ్లింది. వయసు నిబంధన ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. పతకం వస్తే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. రాకపోతే రిటైరయ్యేదాకా జాతరల్లో తాళ్లు పట్టుకుని జనాన్ని వెనక్కి నెట్టడమే.

సరిగ్గా అప్పుడే ఆమె పిస్టల్లో గైడ్ రాడ్ విరిగింది.

గైడ్ రాడ్ అంటే పెద్ద సామానేమీ కాదు. పిస్టల్ గొట్టం కింద దాగి ఉండే చూపుడువేలంత ఊచ. దాని చుట్టూ ఒక స్ప్రింగు. గుండు పేలగానే పిస్టల్ పైభాగం వెనక్కి తన్నుకుపోతుంది. దాన్ని స్లైడ్ అంటారు. స్ప్రింగు ఆ స్లైడ్‌ను మళ్లీ ముందుకు తోస్తుంది. తోసేటప్పుడు స్ప్రింగు మెలికపడకుండా నడిపించేది ఈ ఊచ. ఆమె పిస్టల్లోది ప్లాస్టిక్ ఊచ. ఏళ్ల తరబడి దెబ్బలు తిని తిని ఒక పొద్దున్న రెండు ముక్కలైంది.

నూకరత్నం ఆ ముక్కలు అరచేతిలో పెట్టుకుని ఆయుధాగారానికి వెళ్లింది. అక్కడ ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్ కోటిలింగం తాళాలగుత్తి తిప్పుకుంటూ కూర్చున్నాడు. తుపాకుల కన్నా వాటిని దాచే తాళాలంటేనే ఆయనకు ప్రేమ ఎక్కువ.

“ఇరిగిపోనాది గదమ్మా!” అన్నాడు, తెలియని విషయం చెబుతున్నట్టు.

“కొత్తది ఇవ్వు బాబాయ్.”

“నానెలాగిత్తానమ్మా? ఆఫీసులో అడగాల. ఆలు సరేనంటే తాళం తీత్తాను.”

ఆఫీసులో పరిపాలనాధికారి భ్రమరాంబ. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆమె సంతకం చేసిన ఏ కాగితానికీ ఆడిట్‌వాళ్లు వంక పెట్టలేకపోయారని పేరు. అందుకు కారణం ఆమె చాలా కొద్ది కాగితాల మీదే సంతకం పెట్టడం. ‘గైడ్ రాడ్ ఒకటి కావలెను’ అన్న అర్జీని ఆమె చదివి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివింది.

“ఏ రకం?” అంది.

“అంటే అండి?”

“ప్లాస్టిక్కా, ఉక్కా, టంగ్‌స్టనా? కేటలాగులో మూడు రకాలున్నాయి. మీరు ఒక్కటి కావాలని రాశారు. ఒక్కటి అంటే ఏ ఒక్కటి?”

“ప్లాస్టిక్‌ది విరిగింది కదండీ. ఉక్కుది ఇప్పించండి.”

భ్రమరాంబ ముఖం గంభీరమైంది. “ఉక్కే ఎందుకు?”

“విరగదని.”

“టంగ్‌స్టన్ విరుగుతుందా?”

“అదీ విరగదండి.”

“మరి టంగ్‌స్టన్‌ను కాదని ఉక్కును ఎందుకు కోరుతున్నారు? రేపు టంగ్‌స్టన్‌వాళ్లు కోర్టుకెళితే నేనేం చెప్పాలి? చూడండి నూకరత్నం గారూ, మీరు రాడ్ అడగడంలో తప్పులేదు. మిగతా రెండూ ఎందుకు అడగలేదో చెప్పకపోవడమే తప్పు.”

“అయితే ఏదో ఒకటి ఇప్పించండి. మూడిట్లో ఏదైనా పేలుతుంది.”

“ఏదైనా!” అని భ్రమరాంబ చెవులు మూసుకున్నంత పనిచేసింది. “ప్రభుత్వంలో ఏదైనా అనే రకం లేదండీ.”

ఫైలు అదనపు ఎస్పీ చిదంబరరావు బల్ల మీదికి వెళ్లింది. ఇంకో వారం ముందు వెళ్లినా, వెనక వెళ్లినా ఆయన చూడకుండానే సంతకం పెట్టేవాడు. కానీ చిదంబరరావు ముందురోజే ఒక కొండ మీది విడిదిలో ‘నిర్ణయాత్మక నాయకత్వం’ అనే శిక్షణ ముగించుకుని దిగాడు. శిక్షణలో ఆయన నేర్చుకున్నదేమిటంటే, నిర్ణయం తీసుకోవడం ఎవరైనా చేస్తారు, నిర్ణయం ఎలా తీసుకోవాలో నిర్ణయించేవాడే నాయకుడు. కొత్త సుత్తి దొరికినవాడికి మేకు కావాలి. ఆయన బల్ల మీదికి మేకులాంటి రాడ్డే వచ్చింది.

ఆయన నూకరత్నాన్ని పిలిపించి కుర్చీ చూపించాడు. అదనపు ఎస్పీ కుర్చీ చూపించడం ఆ ఆఫీసులో అశుభానికి గుర్తు.

“అమ్మా, నువ్వు అడిగింది ఒక రాడ్. నాకు కనిపించింది ఒక శూన్యం,” అన్నాడు. “ఈ జిల్లాకు గైడ్ రాడ్ విధానం లేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిస్టళ్లు ఏ సిద్ధాంతమూ లేకుండా పేలుతున్నాయి!”

“సార్, పోటీలు దగ్గరికొచ్చేశాయండి. ఒక్క ఊచ ఇస్తే...”

“ఊచ అనకు. రీకాయిల్ మార్గదర్శక దండం అను.”

సాయంత్రానికల్లా రీకాయిల్ మార్గదర్శక దండ ఎంపిక సంఘం ఏర్పడింది. చిదంబరరావు అధ్యక్షుడు, భ్రమరాంబ సభ్య కార్యదర్శి, జిల్లాలోని మిగతా అధికారులు సభ్యులు. నూకరత్నాన్ని ‘బాధిత వినియోగదారు’ హోదాలో కూర్చోబెట్టారు. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక ప్రొఫెసర్ నిపుణుడిగా వచ్చాడు. ఆయన అసలు విషయం వంతెనలు. పిస్టల్ కూడా స్థూలంగా ఒక చిన్న వంతెనే అన్నాడాయన. ఆ మాటను నోట్ చేసుకున్నారు.

మొదటి సమావేశంలోనే సంఘం మూడుగా చీలింది. నడుము చుట్టుకొలత పెరిగిన అధికారులంతా ప్లాస్టిక్ పక్షం చేరారు. పిస్టల్ ఎంత తేలికైతే బెల్టు అంత జారకుండా ఉంటుందన్నది వారి వాదం. ఉక్కు పక్షంలో పాతకాపులు. ఉక్కు అన్న మాటలోనే పౌరుషం ఉందనీ, ‘ప్లాస్టిక్ సంకల్పం’ అని ఎవరూ అనరు కదా అనీ వాళ్లన్నారు. టంగ్‌స్టన్ పక్షంలో చిదంబరరావు ఒక్కడే. అది బరువు ఎక్కువ కాబట్టి కాల్చినప్పుడు పిస్టల్ మూతి పైకి ఎగరదని కేటలాగులో ఉంది.

“మూతి ఎగరని ఆయుధమే క్రమశిక్షణ గల ఆయుధం,” అన్నాడు చిదంబరరావు. “కింది ఉద్యోగుల్లోనూ నేను అదే కోరుకుంటాను.”

నూకరత్నం చెయ్యెత్తింది. “సార్, మూతి కొంచెం ఎగిరినా మణికట్టుతో సర్దుకుంటామండి. అది అలవాటే. నాకు ఏది ఇచ్చినా సర్దుకుంటాను.”

“అలవాటు వ్యక్తిగతం. విధానం సామూహికం,” అన్నాడాయన. ఆ మాటనూ నోట్ చేసుకున్నారు.

నమూనాలు తెప్పించారు. పిస్టల్లో పెట్టి కాల్చి చూస్తే అయిపోతుందని నూకరత్నం అంది. ఏ రకాన్ని ముందు కాల్చినా మిగతా రెండిటికీ అన్యాయం జరుగుతుందని భ్రమరాంబ అభ్యంతరం చెప్పింది. కాబట్టి పిస్టల్‌తో సంబంధం లేకుండా నిష్పాక్షికంగా పరీక్షించాలని తీర్మానించి, సభ్యులు తలా మూడు రాడ్లూ ఇంటికి తీసుకెళ్లారు.

తర్వాతి సమావేశంలో అనుభవాలు చెప్పుకున్నారు. ఒక డీఎస్పీ ప్లాస్టిక్ రాడ్‌ను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడట. ఉన్నట్టే తెలియలేదన్నాడు. ప్రొఫెసర్ టంగ్‌స్టన్ రాడ్‌ను కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టి చూశాడు, ఫలితం తృప్తికరం. చిదంబరరావు కొంచెం సంకోచిస్తూ, “మా ఆవిడ ఉక్కు రాడ్‌తో లంగాలోకి బొందు ఎక్కించింది. ఎక్కడా తట్టుకోలేదు,” అన్నాడు.

ఉక్కు పక్షంవాళ్లు బల్లలు చరిచారు.

“అది టంగ్‌స్టన్‌కు చుక్కెదురని అర్థం కాదు,” అన్నాడాయన వెంటనే. “టంగ్‌స్టన్ దండాన్ని ఆవిడ ఇంకా తిరిగి ఇవ్వలేదు. గారెల పిండిలోకి అల్లం దంచుతోంది.”

నూకరత్నానికి నవ్వు రాలేదు. పోటీలకు వెళ్లే మిగతా జిల్లాల వాళ్లు రోజూ కాలుస్తున్నారని తెలుస్తోంది. ఆమె తెల్లవారుజామునే రేంజికి వెళ్లి ఖాళీ చేతిని చాపి నిలబడేది. వంటవాళ్లు ఒకటి రెండు రోజులు వచ్చి చూసి, పేలేదేమీ లేదని తేలాక పోపు మాడిపోతుందని వెళ్లిపోయారు.

చివరికి ఆమె కోటిలింగం దగ్గరికి మరో దారి వెతుక్కుంటూ వెళ్లింది. “బాబాయ్, స్టేషన్లలో వాడకుండా పడున్న పిస్టళ్లు ఉంటాయి కదా. ఒకదాన్లోంచి రాడ్ తీసి నాకు పెట్టు. పోటీలవగానే తిరిగి ఇచ్చేస్తాను.”

కోటిలింగానికి ఆమె అంటే అభిమానమే. కానీ ఆయన కాగితం లేకుండా దగ్గు కూడా దగ్గడు. ఆఫీసుకు ఫోను చేసి అడిగాడు. ఆ ఒక్క ఫోనుతో కొంప మునిగింది.

మర్నాడు అత్యవసర సమావేశం. చిదంబరరావు ముఖం ఎర్రబడి ఉంది.

“జిల్లాలో ప్రతి పిస్టల్లోనూ ఇప్పటికే ఒక ప్లాస్టిక్ దండం ఉందన్న సంగతి మన దృష్టికి వచ్చింది,” అన్నాడు. “అంటే మనమిక్కడ నిష్పాక్షికంగా ఆలోచిస్తుంటే, బయట ప్లాస్టిక్ నిశ్శబ్దంగా అమలవుతోంది! ఇది ఎంపికను ప్రభావితం చేయడం కాదా?”

“ఎన్నికల ముందు గోడల మీద గుర్తులు చెరిపేస్తారు కదండీ, అలాంటిదే ఇదీ,” అంది భ్రమరాంబ.

నిర్ణయం వెలువడేవరకు జిల్లాలోని పిస్టళ్లన్నిటి నుంచి రాడ్లు తొలగించి సీలు వేసి భద్రపరచాలని ఉత్తర్వు వెళ్లింది. కోటిలింగం జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ పని చేయలేదు. స్టేషన్ స్టేషన్ తిరిగి రాడ్లు పీకించాడు. రాడ్డూ స్ప్రింగూ కలిసే ఉంటాయి కాబట్టి స్ప్రింగులూ వచ్చేశాయి. అన్నిటినీ ఇనప్పెట్టెలో పోసి, తాళం మీద తాళం వేసి, లక్క కరిగించి ముద్ర కొట్టాడు.

రాడ్డూ స్ప్రింగూ లేని పిస్టల్ స్లైడ్ పళ్లు కట్టని దవడలా వదులుగా ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఒక సీఐ సెల్యూట్ కొట్టబోతే ఒరలోంచి అదే టకటకలాడింది. దానికీ సర్క్యులర్ వచ్చింది. స్లైడ్‌ను ఫైళ్లు కట్టే ఎర్ర నాడాతో రెండు చుట్లు చుట్టి, ముడి కుడివైపు రావలెను. ముడి ఎడమవైపు వేసిన ఇద్దరు ఎస్సైలకు మెమోలు అందాయి.

“సార్, ఇప్పుడు జిల్లాలో ఒక్క పిస్టలూ పేలదండి,” అని నూకరత్నం చెప్పి చూసింది.

“తాత్కాలికంగా,” అన్నాడు చిదంబరరావు. “తాత్కాలికంగా పేలకపోవడాన్ని పేలకపోవడం అనరు.”

పైడమ్మ జాతర వచ్చింది. నూకరత్నం ఇద్దరు కానిస్టేబుళ్లతో పప్పుల వీధి మలుపులో బందోబస్తులో ఉంది. డప్పులు మోగుతున్నాయి. ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్లు పసుపు నీళ్లు చిలకరిస్తూ వెళుతున్నారు. అంతలో ఎదుటి మేడలోని బంగారం తాకట్టు ఆఫీసులోంచి ఒక పెద్దావిడ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది.

“ఓలమ్మో, నోపల తుపాకీ ఎట్టుకున్నాడమ్మా! పిల్లని ఒట్టుకున్నాడు!”

కానిస్టేబుళ్ల చేతుల్లో లాఠీలున్నాయి. నూకరత్నం నడుముకు పిస్టల్ ఉంది, ముడి కుడివైపే ఉంది. అదనపు బలగం కోసం వైర్‌లెస్‌లో చెప్పింది. జాతర జనంలోంచి జీపు రావాలంటే చాలాసేపు పడుతుందని అవతలివాళ్లు అన్నారు. లోపలినుంచి ఆడపిల్ల ఏడుపు వినిపించింది.

“మేడమ్, ఎల్లకండి,” అన్నాడు ఒక కానిస్టేబుల్ మెల్లగా. “మీ నడుముకున్నది తుపాకీ కాదు, ఫైలు.”

ఆమె అతనివైపు చూసి, పిస్టల్ తీసి, లోపలికి వెళ్లింది.

లోపల తాకట్టు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు గోడవారగా కూర్చుని ఉన్నారు. కౌంటర్ వెనక పనిచేసే అమ్మాయిని జుట్టు పట్టుకుని ఒకడు నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. రెండో చేతిలో నాటు తుపాకీ. వాడి చెయ్యి వణుకుతోంది. నూకరత్నానికి భయం వేసింది ఆ వణుకు చూసే. నిబ్బరంగా ఉన్నవాడు ఆలోచించి కాలుస్తాడు. వణికేవాడి వేలికి ఆలోచన ఉండదు.

ఆమె కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది. స్లైడ్ వెనక్కి జారకుండా పిస్టల్‌ను కాస్త కిందికి వంచి, వాడి గుండెకేసి పట్టింది. ఊపిరి సగం వదిలి, సగం బిగబట్టింది.

“పిల్లని వదులు.”

“దగ్గిరికి రామాక! కాల్చేత్తాను!”

“నువ్వు కాలిస్తే ఒక్కటే వస్తుంది. తర్వాత మందు కూరుకోవాలి. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను.”

వాడు ఆమె చేతిలోకి చూశాడు. కళ్లు చిట్లించాడు. “అదేటి? ఆ ఎర్రతాడేటి?”

గోడవారన కూర్చున్నవాళ్లంతా కూడా ఆ తాడునే చూశారు. నూకరత్నం రెప్ప వేయలేదు.

“కొత్త రకం,” అంది. “ఒకసారి మొదలైతే మనిషి మాట వినదు. మొత్తం అయిపోయేదాకా ఆగదు. అందుకే కట్టి ఉంచమని పైనుంచి ఉత్తర్వు.”

“అబద్ధాలాడకు.”

“సరే, విప్పి చూపిస్తాను,” అని ఆమె ఎడమచేత్తో ముడి కొస పట్టుకుంది. “విప్పాక నన్నేమీ అనకు. ఈ ఆడవాళ్లంతా సాక్ష్యం. అమ్మా, మీరంతా నేల మీద పడుకోండి. చెవులు మూసుకోండి.”

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా బోర్లా పడుకున్నారు. వాళ్లు పడుకున్న వేగం చూసి వాడి ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఆమె ముడి కొసను కొద్దిగా లాగింది. నాడా ఒక చుట్టు వదులైంది. స్లైడ్ లోపల టక్కుమంది.

“ఉండమ్మా! ఇప్పకమ్మా!” అని వాడు అమ్మాయి జుట్టు వదిలేశాడు. తుపాకీ కింద పెట్టి, దాన్ని కాలితో ఆమెవైపు నెట్టి, చేతులెత్తి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

కానిస్టేబుళ్లు వాడికి బేడీలు వేస్తుంటే నూకరత్నం నాటు తుపాకీని చేతిలోకి తీసుకుని చూసింది. మందు నిండుగా కూరి ఉంది. వేలు తగిలితే చాలు. ఆమె ఎవరికీ చెప్పకుండా మేడ వెనక్కి వెళ్లి, కుళాయి దగ్గర కూర్చుంది. ముఖం కడుక్కుని అక్కడే ఉండిపోయింది. కౌంటర్ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి, పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. వీధిలో డప్పులు మోగుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ అర్జీ రాసింది. ఈసారి బతిమాలలేదు. రాడ్ లేని పిస్టల్‌తో ఒక ప్రాణం పోయేది, పోలేదు, అది కేవలం అదృష్టం, వెంటనే అన్ని పిస్టళ్లకూ రాడ్లు తిరిగి ఇవ్వాలి, అని సూటిగా రాసి చిదంబరరావు చేతికే ఇచ్చింది.

ఆయన చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నూకరత్నం మనసు తేలికపడింది.

“అమ్మా,” అన్నాడు గద్గదంగా, “మేమింతమంది మూడు రకాల మధ్య కొట్టుకుంటున్నాం. నువ్వు ఒంటరిగా వెళ్లి నాలుగో రకాన్ని కనిపెట్టావు.”

“నాలుగో రకమేమిటి సార్?”

“లేని రకం!”

ఆయన లేచి గదిలో పచార్లు మొదలుపెట్టాడు. “ఆలోచించు. రాడ్లు తీసేసిన నాటినుంచి జిల్లాలో పొరపాటున పేలిన గుండు లేదు. తూటాల ఖర్చు లేదు. కాల్పుల మీద విచారణ లేదు. పైగా సాయుధుడైన దుండగుడు లొంగిపోయాడు. ప్లాస్టిక్ విరుగుతుంది. ఉక్కు తుప్పు పడుతుంది. టంగ్‌స్టన్, నేను ప్రేమించినా సరే, ఒప్పుకుంటున్నాను, బరువు. లేనిది విరగదు, తుప్పు పట్టదు, బరువూ ఉండదు!”

“వాడు కాల్చి ఉంటే సార్? వాడిది నిండా కూరిన తుపాకీ. నేను బతికి బయటపడ్డది అదృష్టం సార్.”

“అదృష్టాన్ని వ్యవస్థీకరించడమే అమ్మా పరిపాలనంటే,” అన్నాడు చిదంబరరావు. భ్రమరాంబ తలుపు దగ్గరే నిలబడి ఆ మాటను నోట్ చేసుకుంది. అప్పటికే ఆమె ముఖం వెలిగిపోతోంది. కొనుగోలే లేని ఎంపిక ఇది. దీనికి ఏ ఆడిటూ వంక పెట్టలేదు.

‘రాడ్ రహిత మందగిరి’ అని విలేకరుల సమావేశం పెట్టారు. నూకరత్నానికి శాలువా కప్పారు. ఒక విలేకరి, “మేడమ్, పిస్టల్ పేలదని మీకు ముందే తెలుసా?” అని అడిగాడు. ఆమె “తెలుసు” అంది. “ఎంత ఆత్మవిశ్వాసం!” అని చిదంబరరావు చప్పట్లు కొట్టాడు. మర్నాటి పత్రికల్లో ఆయన ఫొటో వచ్చింది, ఆమె శాలువా అంచు వచ్చింది.

రాజధానిలో పెద్దలకు ఈ విధానం తెగ నచ్చింది. ఒక బృందం వచ్చి పిస్టళ్ల నాడాలు పరిశీలించి వెళ్లింది. పది రోజులు తిరక్కుండానే రాష్ట్రమంతా రాడ్లు పీకేశారు. ప్రతి జిల్లాలోనూ ఒక కోటిలింగం దొరికాడు, లక్క దొరికింది. అందరికీ ‘చూపుతో నిలువరించడం’ అనే పాఠం చెప్పమని నూకరత్నాన్ని ఊరూరా పంపారు. ఆమె ప్రతి తరగతిలోనూ ఒకే మాట చెప్పేది: “ఇలా ఎప్పుడూ చేయకండి.” పాఠాన్ని క్లుప్తంగా, వినమ్రంగా చెబుతోందని నివేదికలు వెళ్లేవి.

పోటీల రోజు రానే వచ్చింది. రాష్ట్ర పోలీసు క్రీడలకు రంగురంగుల షామియానాలు వేశారు. పిస్టల్ పోటీని రద్దు చేస్తారని నూకరత్నం అనుకుంది. అంతకన్నా గొప్ప ఏర్పాటే చేశారు. పోటీ యథాతథం, పేల్చడం మాత్రం ఉండదు. నిలుచున్న తీరుకు, పిడి పట్టుకు, శ్వాస నియంత్రణకు, ట్రిగ్గర్ నొక్కే సౌమ్యతకు మార్కులు వేస్తారు. లక్ష్యాల అట్టలు చిల్లు పడకుండా వచ్చే ఏడాదికీ పనికొస్తాయని మైకులో గర్వంగా ప్రకటించారు. వయసు నిబంధనతో పనిలేకుండా అధికారులు కూడా పాల్గొని ఆదర్శంగా నిలవాలని పిలుపునిస్తే, సర్వీసు మొత్తంలో ఒక్క గుండైనా కాల్చని చిదంబరరావు కూడా బరిలోకి దిగాడు.

ఒక్కొక్కరే గీత దగ్గరికి వచ్చి, పిస్టల్ చాపి, ట్రిగ్గర్ నొక్కి వెళ్లారు. ప్రతి నిశ్శబ్దానికీ షామియానాలోంచి చప్పట్లు మోగాయి. చిదంబరరావు వంతు వచ్చింది. ఆయన దండ వేయించుకోవడానికి నిలబడినట్టు నిలబడి, ఎక్కడో ఆకాశంలోకి చూస్తూ నొక్కాడు. ఏ బాధా, ఏ అంచనా లేని ముఖం.

నూకరత్నం గీత దగ్గరికి వచ్చింది. తిరిగి వెళ్లిపోదామనుకుంది. కానీ నల్లచుక్క కళ్లబడగానే కాళ్లు వాటంతటవే ఎడమయ్యాయి. చెయ్యి లేచింది. సముద్రం మీద తెప్ప కుదుటపడే ఆ ఒక్క క్షణం ఆమె ఒంట్లోకి వచ్చింది. చుక్క తప్ప ఇంకేమీ లేదు. ఊపిరి సగం వదిలి, సగం బిగబట్టి, నెమ్మదిగా నొక్కింది. ఎప్పుడు పేలాలో సరిగ్గా అప్పుడు, ఏమీ పేలలేదు.

సాయంత్రం ఫలితాలు ప్రకటించారు. పిస్టల్ విభాగంలో బంగారు పతకం అదనపు ఎస్పీ చిదంబరరావుకు. వెండి నూకరత్నానికి. రాష్ట్ర జట్టులోకి బంగారు పతకం వచ్చినవారినే తీసుకుంటామని కూడా అప్పుడే చెప్పారు. చిదంబరరావు ఆమె దగ్గరికి వచ్చి, “నిజానికి ఇది మనందరి విజయం,” అని మెడలోని పతకాన్ని సవరించుకున్నాడు.

ఆమె నేరుగా న్యాయనిర్ణేతల బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ రిటైరైన పెద్ద అధికారి ఒకాయన మార్కుల కాగితాలు సర్దుకుంటున్నారు.

“సార్, అడగొచ్చో లేదో. నాకు ఎక్కడ తగ్గాయండి మార్కులు?”

ఆయన జాలిగా చూశారు. కాగితం తిరగేసి, వేలితో ఒక గడి చూపించారు.

“నీ నిలుపు అద్భుతం తల్లీ. పట్టు అద్భుతం. శ్వాస అయితే చెప్పనే అక్కర్లేదు. అన్నిట్లోనూ పూర్తి మార్కులే. కాకపోతే ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో, నేను దగ్గరనుంచి గమనించాను, గుండు బయటికి వస్తుందేమోనన్న ఆశ నీ కళ్లల్లో స్పష్టంగా కనిపించింది. అక్కడ పోయాయి.”